అంతా మాయే అయితే ఇంక తప్పేంటి, ఒప్పేంటి?

మీ ప్రశ్న రెండుసార్లు చదివానండి. పైకి వేదాంతం ప్రశ్నలా ఉంది గానీ లోపల పొలం గొడవ ఉంది. అందులో మొహమాటపడాల్సిందేం లేదు, మా క్లాసులో కూడా మంచి ప్రశ్నలన్నీ ఇలాగే ఇంటి గొడవల్లోంచే వచ్చేవి. మిగతావాళ్ళ కోసం క్లుప్తంగా మళ్ళీ చెప్తాను. మీరు ఆఫీసుకి వెళ్తూ వస్తూ ఫోన్లో ప్రవచనాలు వింటారు, జగత్తు మిథ్య, కర్తవి నువ్వు కాదు, చంపేవాడూ లేడు చచ్చేవాడూ లేడు అని విన్నారు. ఈలోగా మీ పెదనాన్నగారు మీ నాన్నగారి వాటాకి రావాల్సిన 60 సెంట్ల పొలం తన పట్టాదారు పాస్‌బుక్కులో ఎక్కించేసుకుని, అడిగితే "ఏది ఎవరిదిరా, అంతా మాయ" అన్నారు. మీకు ఒళ్ళు మండింది కానీ నోట మాట రాలేదు. అందుకని అడుగుతున్నారు: జగత్తే మిథ్య అయినప్పుడు అన్యాయం అనేదానికి ఆధారం ఏంటి, పోనీ దేవుడు కూడా లేడనుకుంటే ఇంక ఏం మిగుల్తుంది అని.

ముందు సూటిగా చెప్పేస్తా. మాయ అని ఒప్పుకున్నా మీ పెదనాన్నగారు చేసింది తప్పే, ఒప్పుకోకపోయినా తప్పే. దేవుడున్నా తప్పే, లేకపోయినా తప్పే. ప్రపంచం దేంతో తయారైంది, ఆత్మ ఒకటా వందా, అసలుందా లేదా అనే ప్రశ్నలకి మీరు ఏ సమాధానం చెప్పుకున్నా, దాన్లోంచి నేరుగా "ఇది చెయ్యొచ్చు, అది చెయ్యకూడదు" అనేది ఊడిపడదు. ఊడిపడినట్టు కనపడిందంటే మధ్యలో ఎవరో ఒక మాట దూర్చారన్నమాట. ఆ మాట ఏంటో పట్టుకోవడమే ఈ సబ్జెక్టులో అసలు పని. 29 ఏళ్ళు డిగ్రీ కాలేజీలో తత్వశాస్త్రం చెప్పి నేను చేసింది కూడా అంతకంటే ఏం లేదు.

ఇప్పుడు మాయ సంగతి. మిథ్య అంటే అబద్ధం అని చాలామంది అనుకుంటారు, ప్రవచనకారులు కూడా టైము చాలక అలా వదిలేస్తారు. అద్వైతంలో, అంటే ఉన్నది బ్రహ్మం ఒక్కటే అని శంకరుడు చెప్పిన సిద్ధాంతంలో, కుందేటి కొమ్ము లాంటిది అసత్తు, అసలు లేనే లేదు, ఎవరికీ కనపడను కూడా కనపడదు. బ్రహ్మం సత్తు, ఎప్పటికీ ఉండేది. జగత్తు ఈ రెండూ కాదు, కనపడుతుంది, పని చేస్తుంది, జ్ఞానం వస్తే మాత్రం నిలబడదు. దానికే మిథ్య అని పేరు. అంటే వ్యవహారం ఉన్నంతసేపూ వ్యవహారం రూల్స్ అన్నీ ఉన్నట్టే. శంకరుడు బ్రహ్మసూత్ర భాష్యం మొదట్లోనే ఒక మాట అంటాడు, కర్ర ఎత్తి వచ్చేవాణ్ణి చూస్తే పశువు పారిపోతుంది, చేతిలో పచ్చగడ్డి ఉన్నవాడి దగ్గరికి వస్తుంది, మనిషి వ్యవహారం కూడా, ఎంత చదువుకున్నవాడిదైనా, అలాంటిదే అని. కర్ర మిథ్యే, దెబ్బ మాత్రం తగుల్తుంది.

ఏనుగు కథ మీకు తెలిసే ఉంటుంది. ఏనుగు వెంటపడితే అద్వైత పండితుడు పరుగెత్తాడు, ఏమయ్యా జగత్తు మిథ్య అన్నావు కదా అంటే "ఏనుగూ మిథ్యే, నా పరుగూ మిథ్యే" అన్నాడట. అద్వైతాన్ని వెక్కిరించడానికే ఈ కథ చెప్తారు గానీ నాకు మాత్రం పండితుడే కరెక్ట్ అనిపిస్తుంది. మిథ్య అనేటప్పుడు లెక్క రెండు వైపులా ఒకేలా వెయ్యాలి. మీ నాన్నగారి హక్కు మిథ్య అయితే మీ పెదనాన్నగారి పాస్‌బుక్కూ మిథ్యే. ఒకటి మిథ్య, రెండోది మాత్రం తహసీల్దారు ఆఫీసులో స్టాంపు వేసిన సత్యం అంటే అది అద్వైతం కాదు, వాటం.

ఈ వాటం వేదాంతం కొత్తదేం కాదు. శంకరుడి శిష్యుడు సురేశ్వరుడికే ఈ బెడద ఉన్నట్టుంది. అద్వైతం తెలిసినవాడు ఇష్టమొచ్చినట్టు ప్రవర్తించొచ్చు అంటే, మురికి తినే విషయంలో తత్వం తెలిసినవాడికీ కుక్కకీ తేడా ఏంటి అని నైష్కర్మ్యసిద్ధిలో మొహమాటం లేకుండా అడిగేశాడు. పైగా అద్వైతంలో బ్రహ్మజిజ్ఞాస, అంటే బ్రహ్మం గురించి విచారణ, మొదలెట్టాలంటేనే ముందు వివేకం, వైరాగ్యం, శమం (మనసు అదుపు), దమం (ఇంద్రియాల అదుపు) ఇవన్నీ ఉండాలి. ఇవన్నీ గుమ్మం దగ్గర అడిగే టికెట్టు. అరవై సెంట్ల మీద ఆశ చావనివాడు లోపలికి రాకుండానే లోపల సినిమా గురించి చెప్తున్నాడన్నమాట.

ఒకసారి సెకండియర్ కుర్రాడొకడు లేచి "కలలో దొంగతనం చేస్తే కేసు ఉండదు కదా సార్, మరి ఇదీ కలలాంటిదే అంటే?" అన్నాడు. క్లాసంతా నవ్వు. నేను మాత్రం నవ్వలేదు, ఎందుకంటే బౌద్ధ తత్వవేత్త వసుబంధుడు వింశతిక అనే పుస్తకంలో సరిగ్గా ఇదే ప్రశ్న వేసుకున్నాడు. అంతా చిత్తమే అయితే కలలో చేసినదానికీ మెలకువలో చేసినదానికీ ఫలితం ఎందుకు వేరుగా ఉంటుంది అని. ఆయన సమాధానం, కలలో చిత్తం నిద్రమత్తుతో దెబ్బతిని ఉంటుంది, అందుకని ఫలితం సమానం కాదు అని. అంటే బయట వస్తువు ఉందా లేదా అన్నది కాదు లెక్క, చేసేటప్పుడు మనసు ఎంత మెలకువగా ఉంది అన్నది. తాగి నడిపినవాడికీ కావాలని గుద్దినవాడికీ మనం ఇప్పటికీ వేరే శిక్ష వేస్తాం కదా, దానికి కాస్త దగ్గరగా ఉంటుంది ఇది.

సరే ఇప్పుడు "చంపేవాడూ లేడు చచ్చేవాడూ లేడు" అన్న మాట దగ్గరికి వస్తాను, నాకు అన్నిటికంటే ఇష్టమైన కథ ఇక్కడే ఉంది. పాళీ భాషలో ఉన్న బౌద్ధ గ్రంథం దీఘనికాయంలో రెండో సూత్రం సామఞ్ఞఫల సుత్తం. మగధ రాజు అజాతశత్రువు, తండ్రి బింబిసారుణ్ణి చంపి గద్దె ఎక్కినవాడు, ఒక పున్నమి రాత్రి మేడ మీద మంత్రులతో కూచుని "ఎంత బావుంది వెన్నెల, ఇవాళ ఎవరి దగ్గరికి వెళ్తే మనసు కుదుటపడుతుంది" అంటాడు. ఒక్కో మంత్రీ ఒక్కో గురువు పేరు చెప్తాడు, రాజు పలకడు. ఎందుకంటే వాళ్ళందరి దగ్గరికీ ముందే వెళ్ళొచ్చాడు.

వాళ్ళలో ఒకాయన పకుధ కచ్చాయనుడు. ఆయన తత్వం ఏంటంటే, ఉన్నవి ఏడే ఏడు: భూమి, నీరు, నిప్పు, గాలి, సుఖం, దుఃఖం, జీవం. ఇవి ఎవరూ చేసినవి కావు, మారవు, ఒకదాన్నొకటి తాకవు. కాబట్టి పదునైన కత్తితో తల నరికినా ఎవరూ ఎవరి ప్రాణమూ తియ్యట్లేదు, కత్తి ఆ ఏడింటి మధ్య సందులోంచి పోయింది, అంతే. ఇంకొకాయన పూరణ కస్సపుడు, గంగ ఒడ్డు పొడుగునా నరుక్కుంటూ పోయినా పాపం లేదు అంటాడు. ఇప్పుడు ఆలోచించండి, తండ్రిని చంపినవాడికి ఇంతకంటే తియ్యటి మాట ఎవరైనా చెప్పగలరా? నువ్వు చంపలేదు, చావు అనేదే జరగలేదు, కత్తి సందులోంచి పోయింది! అయినా రాజుకి నిద్ర పట్టలేదు.

చివరికి వైద్యుడు జీవకుడి మామిడితోటలో ఉన్న బుద్ధుడి దగ్గరికి ఏనుగెక్కి బయల్దేరతాడు. తోట దగ్గరపడేసరికి ఒళ్ళు గగుర్పొడుస్తుంది, వెంట్రుకలు నిక్కబొడుచుకుంటాయి. "జీవకా, నన్ను మోసం చెయ్యట్లేదు కదా, శత్రువులకి పట్టించట్లేదు కదా, 1250 మంది భిక్షువులున్నారంటావు, ఒక్క తుమ్మూ లేదు, ఒక్క దగ్గూ లేదేంటి" అంటాడు. నిశ్శబ్దాన్ని చూసి భయపడ్డాడండి. తాను తండ్రికి చేసింది తనకి ఎవరైనా చేస్తారని. పకుధుడి సిద్ధాంతం తలకెక్కిందేమో గానీ చర్మానికి ఎక్కలేదు. క్లాసులో ఈ ఘట్టం చెప్పాక నేను ఇంకేం చెప్పేవాణ్ణి కాదు, బెల్లు కొట్టేదాకా వాళ్ళనే మాట్లాడుకోమనేవాణ్ణి.

మరి గీతలో కూడా ఆ మాటే ఉంది కదా, రెండో అధ్యాయంలో, ఆత్మ చంపదు, చంపబడదు అని. అవును, కఠోపనిషత్తులో కూడా ఉంది. దీన్ని పట్టుకుని "చూశారా, హత్యకి లైసెన్సు" అని వాదించేవాళ్ళున్నారు, అదే పట్టుకుని తమ పనులకి ముసుగేసుకునేవాళ్ళూ ఉన్నారు. ఇద్దరూ శంకరుడి భాష్యం ఆ శ్లోకానికి ఒక్క శ్లోకం ముందు చూస్తే సరిపోయేది. 18వ శ్లోకంలో "కాబట్టి యుద్ధం చెయ్యి" అని ఉన్నచోట ఆయన, ఇది విధి (అంటే ఆజ్ఞ) కాదు, అనువాదం మాత్రమే అంటాడు. అనువాదం అంటే ఇక్కడ ఆల్రెడీ ఉన్నదాన్నే మళ్ళీ చెప్పడం. అర్జునుడు యుద్ధానికి వేరే కారణాలతో ముందే దిగాడు, శోకం మోహం అడ్డొచ్చి చతికిలపడ్డాడు, ఆ అడ్డు తీయడమే కృష్ణుడి పని. అంటే ఆత్మ చావదు అన్నదాంట్లోంచి "కాబట్టి చంపు" అని రాదు అని అద్వైతానికి మూలపురుషుడే చెప్తున్నాడు. చెయ్యాలా వద్దా అన్నది ఇంకెక్కడో తేలాలి. ఆ "ఇంకెక్కడో" క్షత్రియధర్మం అన్నది మనకి నచ్చొచ్చు నచ్చకపోవచ్చు, అది వేరే గొడవ.

వెయ్యేళ్ళ తర్వాత స్కాట్లండ్‌లో హ్యూమ్ అనే తత్వవేత్త ఇదే పట్టుకున్నాడు. 1740లో వచ్చిన తన పుస్తకం మూడో భాగంలో, నీతి గురించి రాసేవాళ్ళందరూ దేవుడున్నాడు, మనుషులు ఇలా ఉంటారు అని "ఉంది, లేదు" భాషలో మొదలెట్టి, మనం చూస్తుండగానే "చెయ్యాలి, కూడదు" భాషలోకి జారిపోతారు, ఎక్కడ జారారో చెప్పరు అన్నాడు. నేను పైన దూర్చిన మాట అన్నది దీన్నే.

ఇది రెండో వైపు కూడా పనిచేస్తుంది, అది చాలామందికి నచ్చదు. "అందరిలో ఉన్నది ఒకే ఆత్మ, కాబట్టి అద్వైతంలోంచే సమానత్వం, ప్రేమ వస్తాయి" అని మనవాళ్ళు ఎంతో గర్వంగా చెప్పుకుంటారు. ఈ వాదం ఈ రూపంలో గట్టిగా వినపడింది 1893లో, పాల్ డ్యూసెన్ అనే జర్మన్ పండితుడు బొంబాయి ఉపన్యాసంలో. నీ పొరుగువాణ్ణి నీలాగే ప్రేమించు అని బైబిలు చెప్తుంది, ఎందుకు ప్రేమించాలి అన్నదానికి జవాబు వేదంలో ఉంది, తత్త్వమసి, వాడు నువ్వే కాబట్టి, అన్నాడు. ఆయన గురువుగా భావించిన షోపెన్‌హావర్ కూడా ఇలాంటి దారిలోనే వెళ్ళి కరుణే నీతికి పునాది అని వ్యాసం రాసి డెన్మార్క్ రాయల్ సొసైటీ పోటీకి పంపాడు, పోటీకి వచ్చింది అదొక్కటే వ్యాసం, అయినా 1840లో బహుమతి ఇవ్వలేదు, పాపం.

వినడానికి ఎంతో బావుంటుంది. కానీ అదే బ్రహ్మసూత్ర భాష్యంలో, మొదటి అధ్యాయం మూడో పాదంలో అపశూద్రాధికరణం అనే భాగం ఉంది. అందరిలో ఒకే బ్రహ్మం అన్న శంకరుడే అక్కడ శూద్రుడికి వేదాధ్యయనం లేదు, కాబట్టి ఆ దారిలో బ్రహ్మవిద్యకి అధికారం లేదు అని తేల్చాడు. ఇంకా చోద్యం చూడండి, అవే బ్రహ్మసూత్రాలకి రాసిన శ్రీభాష్యంలో విశిష్టాద్వైతి రామానుజుడు ఇక్కడ అద్వైతుల్ని ఇరికిస్తాడు: బంధం ఉత్త భ్రమే, వాక్యం విని తెలుసుకుంటే చాలు పోతుంది అంటారు కదా, మరి శూద్రుడు వింటే ఎందుకు పోదు, మీ సిద్ధాంతం ప్రకారం వాణ్ణి ఆపడానికి మీ దగ్గర కారణమే లేదు అని. అబ్బ ఎంత గొప్ప వాదన అనుకుంటాం. కానీ ఆయన ఈ వాదన చేసింది వాళ్ళని లోపలికి రానివ్వడానికి కాదు, ఆపే విషయంలో తన సిద్ధాంతమే గట్టిది అని చూపించడానికి! ఆ రామానుజుడి పేరు మీదే ఇప్పుడు ముచ్చింతల్‌లో 216 అడుగుల సమతామూర్తి ఉంది. నేనిది వెటకారానికి అనట్లేదు, గోపురం ఎక్కి మంత్రం అందరికీ చెప్పాడని జనం గుర్తుపెట్టుకున్న కథలో ఉన్న రామానుజుడు ఆ గౌరవానికి తగినవాడే. కాకపోతే ఆ గోపురం ఎక్కించింది విశిష్టాద్వైతంలోని తర్కం కాదు, కింద నిలబడ్డ జనం మీద జాలి.

ఒకే తత్వం, రెండు వ్యతిరేక నీతులు. ఇంకో ఉదాహరణ చెప్పి ఈ సంగతి వదిలేస్తా. కర్త లేడు అన్న పకుధుడు హత్యని మాయం చేశాడు. 8వ శతాబ్దపు బౌద్ధ ఆచార్యుడు శాంతిదేవుడు కూడా దాదాపు అదే అంటాడు, నేను అనేవాడు ఎవడూ లేడు, దుఃఖాలకి ఓనరు లేడు. కానీ ఆయన తేల్చింది ఏంటి? ఓనరు లేడు కాబట్టి నా దుఃఖం నీ దుఃఖం అనే తేడా లేదు, దుఃఖం అయితే చాలు, తొలగించాల్సిందే. బోధిచర్యావతారం ఎనిమిదో అధ్యాయంలో ఉంది ఇది. పకుధుడికీ ఈయనకీ తేడా ఎక్కడొచ్చింది? "దుఃఖం పోవాలి" అన్న ఒక్క మాట దగ్గర. అది తత్వంలోంచి రాలేదు, ఆయన వచ్చేటప్పుడే వెంట తెచ్చుకున్నాడు.

దేవుడి సంగతి త్వరగా చెప్పేస్తా, ఎందుకంటే అందరూ ఇదే పెద్ద ప్రశ్న అనుకుంటారు గానీ నాకు ఇది చిన్నదే. ప్లేటో రాసిన ఒక సంభాషణలో సోక్రటీసు యూథిఫ్రోని అడుగుతాడు, మంచిది కాబట్టి దేవతలకి ఇష్టమా, దేవతలకి ఇష్టం కాబట్టి మంచిదా అని. మొదటిది అయితే మంచి అనేది దేవుడికి ముందే ఉంది. రెండోది అయితే దేవుడు రేపు దొంగతనం మంచిది అంటే మంచిదైపోవాలి. ఇక మనవైపు చూస్తే, ధర్మం గురించి అందరికంటే ఎక్కువ తల బద్దలుకొట్టుకున్న మీమాంసకులకి సృష్టికర్త దేవుడే అక్కర్లేదు. వేదవాక్యం చెయ్యమన్నదే ధర్మం, ఆ వాక్యం ఎవరూ రాసింది కాదు, అంతే. మన అన్నంభట్టు, కాశీ వెళ్ళినంత మాత్రాన అన్నంభట్టు అయిపోరు అని సామెత ఉందే ఆయనే, తర్కసంగ్రహం అనే తర్కశాస్త్రం పుస్తకంలో రూపం, రుచి, వాసన, బరువుతో పాటు 24 గుణాల లిస్టులో ధర్మాన్ని, అధర్మాన్ని కూడా చేర్చేశాడు. విహితమైన, అంటే శాస్త్రం చెయ్యమన్న, పని చేస్తే ఆత్మలో పుట్టే గుణం ధర్మం, నిషేధించిన పని చేస్తే పుట్టేది అధర్మం. మొదటిసారి చదివినప్పుడు నవ్వొచ్చింది, పుణ్యం ఏమన్నా పసుపు రంగా అని. తర్వాత తెలిసింది, ఆయన చాలా సీరియస్ పని చేస్తున్నాడు, పని ఇవాళ అయిపోతుంది ఫలితం ఎప్పుడో వస్తుంది, మధ్యలో అది ఎక్కడ దాక్కుంటుంది అన్నదానికి చోటు చూపిస్తున్నాడు. కానీ గమనించండి, ఏది విహితం అన్నది ఆ లిస్టు చెప్పదు.

దేవుడు లేకపోతే మనిషి చెడిపోతాడు అనేవాళ్ళకి నేను గోరా గారి పేరు చెప్తాను. గోపరాజు రామచంద్రరావు గారు, బోటనీ లెక్చరరు, 1940లో కృష్ణా జిల్లా ముదునూరులో నాస్తిక కేంద్రం పెట్టారు, తర్వాత అది విజయవాడకి మారింది. సహపంక్తి భోజనాలు, అంటరానితనం మీద పోరాటం, గాంధీగారితో ఎదురుగా కూచుని నాస్తికత్వం మీద చర్చ. ఇలాంటి నాస్తికులూ ఉన్నారు, భక్తి పారాయణాలు చేస్తూ తమ్ముడి వాటా కలిపేసుకున్నవాళ్ళూ ఉన్నారు, మీకు నేను చెప్పక్కర్లేదు.

నా తప్పు కూడా ఒకటి చెప్పాలి. ఉద్యోగంలో చేరిన కొత్తలో మా వీధిలో ఒకావిడ కొడుకు యాక్సిడెంట్లో పోయాడు, ఇంటర్ చదివే పిల్లాడు. పరామర్శకి వెళ్ళి నేను, కొత్త లెక్చరర్ని కదా, "ఆత్మకి చావు లేదు కదమ్మా" అన్నాను. ఆవిడ నన్ను తిట్టలేదు, ఏడవను కూడా లేదు. కొంగుతో పీట మీద దుమ్ము దులుపుతూ "తెలుసు బాబూ. వాడికి రోజూ పొద్దున్నే చద్దన్నంలోకి మాగాయ కావాలి. ఆత్మకి పెట్టలేను కదా" అంది. నేను చెప్పింది ఆ సిద్ధాంతం ప్రకారం తప్పు కాదు. చెప్పడం మాత్రం తప్పు. ఆ తేడా ఏ పుస్తకంలోనూ చదవలేదు అప్పటిదాకా.

ఇంతకీ ఆధారం ఏంటి అంటారా? నా అభిప్రాయం, ఇది నా అభిప్రాయం మాత్రమే, నాతో పడనివాళ్ళు మా డిపార్ట్‌మెంట్లోనే ఉండేవాళ్ళు: నొప్పి చెడ్డది అని తెలియడానికి వెనకాల ఇంకో రుజువు అక్కర్లేదు, నిప్పు వేడి అని తెలియడానికి అక్కర్లేనట్టే. మిగతాదంతా ఆ తెలిసినదాన్ని నా దగ్గరే ఆపకుండా పక్కవాడిదాకా సాగదీయడం. తత్వశాస్త్రం పనికొచ్చేది ఆ సాగదీయడంలో. జంతువు లెక్కలోకి వస్తుందా, పుట్టని బిడ్డ వస్తుందా, మనిషికి స్వేచ్ఛ లేకపోతే శిక్ష న్యాయమా, ఇక్కడ అది నిజంగా కావాలి. "వాడి కర్మ" అని పక్కకి తప్పుకోవడానికి కాదు. కర్మ సిద్ధాంతం నేను చేసినదానికి లెక్క చెప్పుకోడానికి వాడాలి, ఎదుటివాడికి పడ్డదానికి కాదు. దీనికి ఒకటి ఒప్పుకోవాలి, నొప్పే పునాది అంటే ఎవరికీ నొప్పి లేకుండా చేసే మోసం మాటేంటి అని అడుగుతారు. చనిపోయినాయన వీలునామా దిద్దేస్తే ఆయనకి నొప్పేముంది? దీనికి నా దగ్గర పూర్తి జవాబు లేదండి, అక్కడ ఇచ్చిన మాట, నమ్మకం ఇలాంటివేవో ఇంకా కావాలి, నీతికి పునాది నొప్పి కాదు, కర్తవ్యం అనే కాంట్ పక్షం వాళ్ళు అక్కడ నాకంటే బలంగా ఉంటారు.

మీ విషయానికొస్తే, సంక్రాంతికి ఊరెళ్తున్నా అన్నారు కదా. శంకరుడు, సురేశ్వరుడు ఇవన్నీ అక్కడ తియ్యకండి, పెద్దాయన ముందు చిన్నవాడు శ్లోకాలు చదివితే గొడవ శ్లోకాల మీదకి పోతుంది, పొలం పక్కన పడుతుంది. ముందు ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) తీయించండి, పాత దస్తావేజు నకలు కూడా. భోజనాలయ్యాక ఆ ఏనుగు కథ చెప్పండి, ఆయన తప్పకుండా నవ్వుతారు. నవ్వాక కాయితాలు ముందుపెట్టి "మిథ్యాపొలమే కదా పెదనాన్నా, ఇక్కడ ఒక మిథ్యా సంతకం పెట్టండి" అనండి. ఏమన్నారో వచ్చి ఇక్కడ రాయండి.